‘వచ్చు’కీ ‘వలెను’కీ మధ్య లక్ష్మీపేట

పరిపాలనా చట్టం పేరుతో మన యూనివర్సిటీల్లో చెప్పే పాఠం మూడు మాటల చుట్టూ తిరుగుతుంది. ఒకటి సహజ న్యాయం. రెండు, అధికారి విచక్షణకు హద్దులు. మూడు, న్యాయవ్యవస్థ స్వతంత్రత. రాజ్యం నుంచి పౌరుణ్ణి కాపాడే గోడలు ఇవేనని చెప్తారు. కాదని మేము అనటం లేదు. ఈ గోడలు ఎవరి ఇంటి చుట్టూ కట్టారు, ఎవరి వాడ వాటికి బయట మిగిలిపోయింది అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అనుభవం పక్కన పెట్టుకుని ఆ ప్రశ్న అడుగుతున్నాం.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. ఆ హత్యల గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. కానీ హత్యలకు ముందు కొన్నేళ్ళపాటు ప్రభుత్వ కచేరీల్లో జరగకుండా మిగిలిపోయిన పని గురించి రాసింది తక్కువ. మా వాదన ఇది: అధికారి చేసిన పనిని నిలదీయటానికి మన చట్టంలో పనిముట్లు ఉన్నాయి. చెయ్యకుండా వదిలేసిన పనిని నిలదీయటానికి దాదాపు లేవు. దళితుల బతుకులు ఎక్కువగా దెబ్బతినేది ఆ రెండో చోటే.

బస్సు యజమానుల కేసు

సహజ న్యాయం పాఠంలో తెలుగు నేల నుంచి వెళ్ళిన కేసు ఒకటి తప్పక వస్తుంది. అది 1959లో సుప్రీంకోర్టు తేల్చిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ఆర్టీసీకి అప్పజెప్పే స్కీము మీద ప్రైవేటు బస్సు యజమానులు అభ్యంతరాలు పెట్టుకున్నారు. వాటిని విన్నది రవాణా శాఖ కార్యదర్శి. తేల్చింది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తేల్చేవాడింకొకడు అయితే అది విచారణ అనిపించుకోదని కోర్టు అన్నది. స్కీముతో సంబంధమున్న శాఖకు అధిపతే ఆ స్కీము మీద విచారణ జరపటం కూడా తగదన్నది. మంచి తీర్పు. ఇవాళ్టికీ విద్యార్థులు చదవాల్సిన తీర్పు.

తర్వాత 1969లో క్రైపాక్ కేసు వచ్చింది. పోటీలో ఉన్న అభ్యర్థే ఎంపిక బోర్డులో కూర్చోకూడదని అందులో తేలింది. 1978లో మేనకా గాంధీ కేసు, 1985లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళ కేసు వచ్చాయి. ఈ చివరిది పేదల పేరు మీద వచ్చిన తీర్పు. గుడిసె పీకేముందు నోటీసు ఇవ్వాలనీ, చెప్పుకునే అవకాశం ఉండాలనీ అది చెప్పింది.

ఈ కేసులన్నిటినీ వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి కనపడుతుంది. పర్మిట్టో, పాస్‌పోర్టో, ఉద్యోగావకాశమో, ఆఖరికి పేవ్‌మెంటు మీద గుడిసో, చేతిలో ఉన్నదో చేతికి అందబోయేదో రాజ్యం అడ్డుకోబోయినప్పుడే సహజ న్యాయం నిద్ర లేస్తుంది. చేతిలో ఏమీ లేనివాడికి, ఏదీ ఇవ్వకుండా కూర్చున్న అధికారి నోటీసు ఇవ్వనక్కర్లేదు. ‘నీ అర్జీ మీద నేను ఏ నిర్ణయమూ తీసుకోబోవటం లేదు, నీకేమైనా అభ్యంతరముందా’ అని అడిగే అధికారి ఎక్కడా ఉండడు. అలా అడగాలని చెప్పిన తీర్పు కూడా మాకు తెలిసి లేదు.

రికార్డులో లేనివాడు

ఈ ఖాళీకి ఉత్తరాంధ్రలో ఒక చరిత్ర ఉంది. విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీలు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం కింద పోయాయి. ఆ చట్టం రైతుకు రైత్వారీ పట్టా ఇచ్చింది. రైతు అంటే ఎవరు? జమీందారుకు శిస్తు కట్టి, ఆ రసీదు చూపించగలిగినవాడు. ఆ రైతు దగ్గర ఏడాది జీతానికి కంబారితనం చేసిన దళితుడు ఆ నిర్వచనంలోకి రాలేదు. నాగలి పట్టింది కంబారి అయితే అడంగల్లో పేరు రైతుది. సంస్కరణ పేరుతో వచ్చిన చట్టమే ఎవరు భూమి మనిషి, ఎవరు కూలిమనిషి అన్నది కాగితం మీద ఖరారు చేసి పెట్టింది.

అదే కాగితం 1894 నాటి భూసేకరణ చట్టంలో మళ్ళీ పనికొచ్చింది. ఆ చట్టంలో అభ్యంతరం చెప్పుకునే అవకాశం 5-ఏ సెక్షన్ కింద ఉండేది. కానీ చెప్పుకునేది ఎవరు? భూమిలో ‘సంబంధం ఉన్న వ్యక్తి’, అంటే పరిహారంలో వాటా కోరగలిగినవాడు. అడంగల్లో పేరు లేని కూలికి పరిహారంలో వాటా లేదు కాబట్టి సంబంధం లేదు. సంబంధం లేదు కాబట్టి వినాల్సిన పని లేదు. ముప్పై ఏళ్ళు ఆ పొలంలో ఊడ్చి కోసినా అంతే. మూడేళ్ళు ఆ భూమి మీద కూలి చేసుకుని బతికిన కుటుంబం కూడా ‘బాధిత కుటుంబమే’ అని ఒప్పుకోవటానికి 2013 చట్టం దాకా ఆగాల్సొచ్చింది.

లక్ష్మీపేట భూమి

లక్ష్మీపేట అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక విజయనగరం జిల్లాలోకి వచ్చింది. సువర్ణముఖి మీద కట్టిన మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం అక్కడ భూమి సేకరించింది, పరిహారం చెల్లించింది. అందులో రెండు వందల ఎకరాలకు పైగా నీట మునగకుండా మిగిలింది. పాత భూస్వాములైన తూర్పు కాపులు, ఆ భూమి ఒకప్పుడు మాదే కదా అని మళ్ళీ సాగులోకి దిగారు. ప్రభుత్వ భూమి అయినప్పుడు మాకూ పంచండి అని దళితులు అడిగారు. కొంత భూమిలో సాగుకు దిగారు కూడా. వివాదం అంతా ఇదే.

దీన్ని ‘రెండు వర్గాల భూతగాదా’ అని పత్రికలు రాశాయి. తూర్పు కాపులు ప్రభుత్వ జాబితాలో వెనకబడిన కులమే కాబట్టి ఇది కులదాడి అనొచ్చా అని సందేహపడినవాళ్ళూ ఉన్నారు. జాబితాలో ఏ అక్షరం కింద ఉన్నారన్నది రిజర్వేషన్ లెక్క. ఊళ్ళో భూమి ఎవరి చేతిలో ఉంది, ఎవరి మాట చెల్లుతుంది అన్నది ఆధిపత్యం లెక్క. ఆ రెండో లెక్కలో లక్ష్మీపేటలో సందేహానికి చోటు లేదు.

ఇక చట్టం ఏమంటోంది? ఇక్కడ చట్టం మసకగా లేదు. సేకరించి స్వాధీనం చేసుకున్న భూమి ఏ చిక్కూ లేకుండా ప్రభుత్వానిది అవుతుంది. అనుకున్న పనికి వాడకపోయినా పాత యజమాని తిరిగి ఇమ్మని అడగలేడు. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన సయ్యద్ అక్బర్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అంటే చట్టం కళ్ళకు పాత యజమానీ ఆక్రమణదారుడే, దళిత కూలీ ఆక్రమణదారుడే. కాగితం మీద ఇద్దరూ సమానం. ఒకరి వెనక ఊరుంది, ఇంకొకరి వెనక లేదు. ఇట్లాంటి చోట రాజ్యం చేతులు ముడుచుకుంటే, భూమి ఎవరిదో ఊరే తేలుస్తుంది. ఊరు తేల్చే పద్ధతి ఏమిటో జూన్ 12న చూశాం.

చేతులు ముడుచుకోవటం అంటే చేతిలో అధికారం లేక కాదు. మండలంలో తహసీల్దారు చేతిలో ఉన్న అధికారాలు ఒక్కసారి లెక్కపెట్టండి. భూమిలేని పేదలకు ప్రభుత్వ భూమి అసైన్ చేసే పని బోర్డు స్టాండింగ్ ఆర్డర్ 15 కింద, 1954 నాటి జీవో 1142 కింద అతని కచేరీలోనే మొదలవుతుంది. ఆక్రమణదారుకు నోటీసిచ్చి తొలగించే అధికారం 1905 నాటి చట్టం కింద ఉంది. బి-మెమో రాసేదీ అక్కడే. అదే మనిషి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. గొడవ చేస్తారనుకున్నవాళ్ళను బైండోవర్ చెయ్యటానికి అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 107 సెక్షన్ ఉంది. భూమి మీద కొట్లాట వచ్చేట్టుంటే 145 ఉంది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ పోయి కొత్త సంహిత వచ్చింది. నంబర్లు మారాయి, అధికారాలు మారలేదు.

ఈ సెక్షన్లలోని క్రియాపదాలు చూడండి. అసైన్ ‘చేయవచ్చు’. తొలగించ‘వచ్చు’. బైండోవర్ చేయ‘వచ్చు’. 145లో మాత్రం ‘వలెను’ ఉంది. కానీ దాని గడప ముందు ‘శాంతిభంగం కలగగలదని మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగినప్పుడు’ అని ఉంది. నమ్మకం కలగకపోతే ‘వలెను’ కూడా ‘వచ్చు’ కిందే లెక్క. లక్ష్మీపేటలో భూమి పంచి పట్టాలిస్తే ఒక నిర్ణయం. ఎవరికీ ఇవ్వం, అందరూ దిగండి అని ఖాళీ చేయిస్తే అదీ ఒక నిర్ణయం. ఏది చేసినా కోర్టులో సవాలు చెయ్యటానికి ఒక కాగితం ఉండేది. ఏదీ చెయ్యకపోతే సవాలు చెయ్యటానికి కాగితమే లేదు. చేసినవాడికి సంజాయిషీ ఉంది, చెయ్యనివాడికి బదిలీ ఉంది.

అసైన్‌మెంటులో ఇంకో సంగతి ఉంది. ఎవరికి భూమి ఇవ్వాలో చూసే అసైన్‌మెంట్ కమిటీకి స్థానిక ఎమ్మెల్యే అధ్యక్షుడిగా ఉండే పద్ధతి మన రాష్ట్రంలో చాలాకాలం నడిచింది. ఎమ్మెల్యేకు ఊరి ఓట్లు కావాలి. ఊరి ఓట్లు వాడ ఓట్లకంటే ఎక్కువున్నచోట అతను ఏ పక్షానికీ చెందని మనిషిగా కూర్చోగలడా? బస్సు యజమానుల కేసులో శాఖాధిపతి పక్షపాతాన్ని పట్టుకున్న చట్టం కన్ను ఇక్కడ ఎందుకు తెరుచుకోలేదని విద్యార్థులు తమ టీచర్లను అడగాలి.

మంచి అధికారి వాదన

దీనికి ఒక జవాబు వస్తుందని తెలుసు. విచక్షణే లేకపోతే ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఎలా పనిచేసేవాడు? నిబంధనల సందుల్లోంచి పేదలకు భూమి, హాస్టళ్ళు, వెట్టి నుంచి విముక్తి సాధించింది విచక్షణతోనే కదా? నిజమే. శంకరన్ చేసిన పనిని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కానీ ఆయన్ని ఇన్నేళ్ళ తర్వాత కూడా పేరు పెట్టి తలుచుకుంటున్నామంటేనే అలాంటివాళ్ళు ఎంత అరుదో తెలుస్తోంది. ఒక జిల్లా దళితుల హక్కు ఆ జిల్లాకు ఏ కలెక్టరు బదిలీ అయి వస్తాడన్న దాని మీద ఆధారపడితే దాన్ని హక్కు అనలేం. అదృష్టం అనాలి. విచక్షణ అంతా పోవాలని మేము కోరటం లేదు. విచక్షణ వాడినవాడు కారణం రాసినట్టే, వాడకుండా కూర్చున్నవాడూ కారణం రాయాలంటున్నాం.

‘పరిశీలించండి’ అనే ఉత్తర్వు

అధికారి కదలకపోతే హైకోర్టుకు వెళ్ళొచ్చు కదా, మాండమస్ రిట్ ఉన్నది అందుకే కదా అంటారు. వెళ్తే ఏం జరుగుతుందో రిట్లు వేసినవాళ్ళకు తెలుసు. అసైన్‌మెంటు ప్రభుత్వం చేసే దయ, హక్కు కాదు అన్నది మొదటి అడ్డంకి. హక్కు లేనిచోట మాండమస్ లేదు. అందుకని ఎక్కువసార్లు వచ్చే ఉత్తర్వు: ‘పిటిషనర్ల విజ్ఞప్తిని చట్టప్రకారం ఇన్ని వారాల్లోగా పరిశీలించవలసిందిగా ఆదేశిస్తూ రిట్ పరిష్కరించడమైనది.’ రిట్ పరిష్కారమైంది, సమస్య కాలేదు. పరిశీలించి ‘కుదరదు’ అని ఒక లైను రాస్తే ఉత్తర్వు పాటించినట్టే. మళ్ళీ కోర్టుకు వెళ్ళాలంటే మళ్ళీ ఖర్చు. వంగర నుంచి అప్పట్లో హైదరాబాదు పోవాలి, 2019 తర్వాత అమరావతి పోవాలి. కూలి డబ్బుల మీద బతికేవాళ్ళు ఎన్నిసార్లు పోగలరు?

ఇలా ‘పరిశీలించండి’ అని అలవాటుగా ఉత్తర్వులివ్వటాన్ని సుప్రీంకోర్టు 2008లో సి. జాకబ్ కేసులో విమర్శించింది. కానీ కోర్టు బాధ వేరు. ఎప్పుడో కాలం చెల్లిన కోరికలకు ఈ ఉత్తర్వులు మళ్ళీ ప్రాణం పోస్తున్నాయని, అధికారుల మీద భారం పడుతోందని కోర్టు చింత. అర్జీదారు నెత్తిన పడే భారం గురించిన చింత అందులో మనకు దొరకదు.

న్యాయస్థానాలు ఎప్పుడూ ఇంతేనని మేము అనం. అసైన్డు భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలని మన హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో మేకల పాండు కేసులో చెప్పింది. అంతకుముందు ‘ఇచ్చింది మేమే, తీసుకుంటే పరిహారమేంటి’ అన్న ధోరణి ఉండేది. దళిత కుటుంబం నుంచి వచ్చిన జస్టిస్ కె. రామస్వామి 1990లలో సుప్రీంకోర్టులో రాసిన తీర్పులు, 1997 నాటి సమత తీర్పుతో సహా, భూమిని బతుకు హక్కుతో ముడిపెట్టాయి. కానీ మేకల పాండు కూడా ఇచ్చింది తీసుకోవటం గురించే. ఇవ్వకపోవటం గురించి కాదు.

అత్యాచారాల చట్టంలో అధికారి

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఈ లోపాన్ని కొంతవరకు గుర్తించింది. దాడి జరగొచ్చని తెలిస్తే ముందే చర్యలు తీసుకునే అధికారం 17వ సెక్షన్‌లో ఉంది. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు 4వ సెక్షన్‌లో ఉంది. చెయ్యని పనిని నేరంగా చూసిన అరుదైన చట్టం ఇది. కానీ 17లో మళ్ళీ అదే ‘వచ్చు’. ‘వచ్చు’ అన్నది చెయ్యకపోతే విధి తప్పినట్టు అవుతుందా అన్న వాదనకు అక్కడే దారి దొరుకుతుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ అధికారి విధుల్ని ఒక్కొక్కటిగా రాసింది, అది మేలు. దానితోపాటే, పరిపాలనా విచారణ జరిగి సిఫార్సు వస్తేనే అధికారి మీద అభియోగం పెట్టాలన్న షరతు కూడా చేర్చింది. అధికారి తప్పును ముందు తేల్చేది సాటి అధికారే. 1959లో బస్సు యజమానులకు పనికొచ్చిన సూత్రాన్ని ఇక్కడ వర్తింపజెయ్యమని అడగటం అన్యాయమా?

2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు ఏం చేసిందో గుర్తు చేసుకోవాలి. ఈ చట్టం కింద కేసు పెట్టేముందు ప్రాథమిక విచారణ జరపొచ్చని, ప్రభుత్వోద్యోగిని అరెస్టు చెయ్యటానికి నియామకాధికారి అనుమతి కావాలని, మిగతావాళ్ళకు జిల్లా పోలీసు అధికారి అనుమతి కావాలని చెప్పింది. కారణంగా చూపింది న్యాయమైన పద్ధతినే, 21వ అధికరణాన్నే. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు రోడ్డెక్కారు. ఆగస్టులో పార్లమెంటు 18-ఏ సెక్షన్ తెచ్చింది. 2019 అక్టోబరు 1న కోర్టు తన ఆదేశాల్ని తనే వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18-ఏ చెల్లుతుందని చెప్పింది. ఇందులో మనం నేర్చుకోవాల్సింది, న్యాయమైన పద్ధతి అన్న మాట తనంతట తాను ఎవరి పక్షమూ కాదన్న నమ్మకం సరైంది కాదని. నిందితుడికి న్యాయమైన పద్ధతి ఉండి తీరాలి. కానీ నిందితుడి కోసం కోర్టు కొత్త మెట్లు కట్టగలిగినప్పుడు, ఏళ్ళ తరబడి అర్జీ పట్టుకు తిరిగిన కూలి కోసం ఒక్క మెట్టు కూడా ఎందుకు కట్టలేకపోయింది?

స్వతంత్రత ఎవరి నుంచి?

న్యాయవ్యవస్థ స్వతంత్రత అనగానే కొలీజియం, 2015లో కొట్టేసిన జడ్జీల నియామక కమిషన్ చట్టం చర్చకు వస్తాయి. అంటే జడ్జి ప్రభుత్వం నుంచి స్వతంత్రుడా అన్న ప్రశ్న. అది అవసరమే. కానీ ఊరి నుంచి స్వతంత్రుడా అన్న ప్రశ్న ఎవరూ అడగరు.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దళితులు కోర్టు తమ ఊళ్ళోనే పెట్టాలని, తాము నమ్మిన లాయరే ప్రాసిక్యూటర్‌గా ఉండాలని పోరాడి సాధించుకున్నారు. బొజ్జా తారకం లాంటివాళ్ళు దానికోసం పడ్డ కష్టం మన తరానికి తెలుసు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, ఎవరు కొట్టారన్నది ప్రాసిక్యూషన్ సరిగ్గా రుజువు చెయ్యలేదన్నది. తరుముతుంటే పొలాలకడ్డంపడి పారిపోయిన మనుషుల దగ్గర గడియారం లెక్క అడగటం పద్ధతి ప్రకారం సరైనదే కావొచ్చు. కానీ సాక్ష్యం ఆలస్యంగా, అసంపూర్తిగా ఎందుకు నమోదైందో, అది ఏ అధికారి చెయ్యని పనో అడగకుండా, ఆ లోపం ఫలితం మొత్తాన్ని బాధితుడి ఖాతాలో రాయటం మాకు న్యాయంగా తోచటం లేదు. లక్ష్మీపేట దళితులు కూడా చుండూరులాగే ఊళ్ళోనే కోర్టు కావాలని అడగటం వెనక ఈ అనుభవం ఉంది. పైగా పనుల కోసం హైదరాబాదుకో చెన్నైకో వలసపోయే ఈ జిల్లాల్లో, ఏళ్ళు గడిచేకొద్దీ సాక్షి వాయిదాకు అందకుండా పోతాడు. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం అంటోంది. ‘సాధ్యమైనంతవరకు’ అన్న మాట మాత్రం పక్కనే ఉంది.

ఇంకో మాట. పరిపాలన నుంచి న్యాయాన్ని వేరు చెయ్యాలని రాజ్యాంగం 50వ అధికరణం చెప్తుంది. పై కోర్టుల్లో వేరైంది. మండలంలో కాలేదు. భూమి రికార్డు రాసేవాడు, భూమి పంచేవాడు, భూమి మీద కొట్లాట వస్తే మేజిస్ట్రేటుగా కూర్చునేవాడు ఇప్పటికీ ఒక్కరే. దళితుడికి ఎదురయ్యే మొదటి న్యాయస్థానం హైకోర్టు కాదు, తహసీల్దారు కచేరీ. స్వతంత్రత చర్చ అక్కడినుంచి మొదలవ్వాలి.

ఏం అడగాలి

ప్రాజెక్టు కోసం సేకరించి, వాడకుండా మిగిలిన ప్రతి ఎకరం మీదా గడువులోగా రాతపూర్వక నిర్ణయం తీసుకోవటం కలెక్టరు విధి కావాలి. 2013 చట్టం 101వ సెక్షన్ అయిదేళ్ళు వాడని భూమిని పాత యజమానికో, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో ఇవ్వాలంటుంది. ఏది అన్నది మళ్ళీ ప్రభుత్వం ఇష్టం. కూలి కుటుంబాన్ని బాధిత కుటుంబంగా ఒప్పుకున్న చట్టమే భూమి తిరిగి పంచేటప్పుడు ఆ కుటుంబాన్ని మర్చిపోయింది. అది మార్చాలి. దళితులు ఒక పక్షంగా ఉన్న భూవివాదంలో నివారణ అధికారం వాడకపోతే కారణం ఫైల్లో రాయాలి. 4వ సెక్షన్ కింద అధికారి మీద విచారణ అతని శాఖ బయటి వ్యక్తి జరపాలి.

ఇవన్నీ చట్టసభ చెయ్యాల్సిన పనులు. ఈలోగా మన చేతిలో ఉన్నదొకటుంది. నిర్ణయాలకు కారణాలు బాధితులకు చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టం 4(1)(డి) అంటోంది. మడ్డువలస, తోటపల్లి, వంశధార ప్రాజెక్టుల కింద సేకరించి మిగిలిన భూమి ఎంత, ఎవరి సాగులో ఉంది, దాని మీద వచ్చిన అర్జీలెన్ని, ఎన్నిటికి జవాబు రాశారు? ఈ ప్రశ్నలతో విద్యార్థులు మండల కచేరీలకు వెళ్ళాలి, టీచర్లు వాళ్ళకు అర్జీ రాయటం నేర్పాలి, సంఘాలు వచ్చిన జవాబుల్ని ఊరివారీగా భద్రపరచాలి. ఇంకో లక్ష్మీపేట జరగకముందే ఆ జాబితా మన దగ్గర ఉండాలి.